పంటి కింద మీట

ఆ ఫోటో చూడగానే పొద్దున తాగిన కాఫీ గొంతుదాకా వచ్చింది.

గోడకి నిలువెత్తున వేలాడుతోంది. ఆకాశంలో బోర్లా పడుతున్న మనిషి మొహం. చెంపలు గాలికి వెనక్కి జారిపోయాయి. నోరు తెరుచుకుని ఉంది. కళ్లు మాత్రం సూటిగా కెమెరాలోకి చూస్తున్నాయి, ఏదో ఒకటి చెయ్యరా బాబూ అన్నట్టు. ఆ చూపు చూసిన కాసేపటికే ఆ మనిషి నేలకి కొట్టుకుని చచ్చిపోయాడు. ఇప్పుడు ఇక్కడ నల్ల చెక్క ఫ్రేములో ఉన్నాడు. పైన చిన్న దీపం కూడా పెట్టారు, చక్కగా కనపడాలని.

"వెలుతురు చూశారా మేడమ్?" అన్నాడు దాన్ని తీసినవాడు, నా పక్కనే నిలబడి టీ చప్పరిస్తూ. "ఎడమ పక్క నుంచి పడుతోంది. అలాంటి వెలుతురు కావాలంటే దొరకదు. అదృష్టం ఉండాలి."

"ఎవరి అదృష్టం?"

వాడు నవ్వాడు. పల్చటి మనిషి, పొడుగు మెడ. ఈ స్టూడియో ఉన్న పారాచూట్ మైదానంలో అందరూ వాణ్ణి గద్ద అంటారు. విమానంలోంచి దూకేవాళ్లతో పాటు తనూ దూకుతాడు. హెల్మెట్ మీద బిగించిన కెమెరాతో వాళ్ల ఎదురుగా గాలిలో తేలుతూ వీడియో నడుపుతాడు, మధ్యమధ్య ఫోటోలు తీస్తాడు. కిందికొచ్చాక ఆ ఫోటోలు వాళ్లకే అమ్ముతాడు. పెళ్లిళ్లకి ఫోటోలు తీసేవాడి లాంటి బతుకే, ఎత్తు ఒక్కటే తేడా.

చచ్చిపోయినవాడు అదే మైదానంలో కోచ్. గద్దకి పదేళ్ల స్నేహితుడు. అతని పారాచూట్ మడిచింది సొంత చెల్లెలు. తెరుచుకోలేదు కాబట్టి అన్నని చంపింది చెల్లెలి చేతులేనని ఊరంతా తేల్చేసింది. అందరికంటే ముందు ఆ పిల్లే తేల్చేసుకుంది. వాళ్లమ్మ నా ఆఫీసుకి వచ్చి కుర్చీలో కూర్చోకుండానే చెప్పింది. "కొడుకుని ఎలాగూ తేలేవు. కూతుర్నైనా నాకు మిగుల్చు తల్లీ. అది అన్నం ముట్టడం లేదు. తన చేతుల వంకే చూసుకుంటా కూచుంటోంది."

నేను డిటెక్టివుని. పదహారేళ్లుగా జనాల పాడు పనుల వాసన చూడటమే నా పని. ముక్కుకి అలవాటైపోయింది అనుకున్నాను. ఈ గదిలోకొచ్చాక తెలిసింది, కాలేదని.

"ఆ రోజు ఏం జరిగిందో మళ్లీ చెప్పండి" అన్నాను.

"పోలీసులకి చెప్పాను కదా మేడమ్."

"వాళ్లకి చెప్పింది వాళ్లకి. నాకు చెప్పండి."

గద్ద టీ గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరం దూకాం. వాడు ఎదురుగా, నేను ఎదురుగా. తెరిచే ఎత్తు రాగానే వాడు చెయ్యి ఊపాడు. చెయ్యి ఊపితే పారాచూట్ తీస్తున్నానని అర్థం. నడుం దగ్గర నుంచి బుల్లి పారాచూట్ తీసి గాలిలోకి విసిరాడు. అది గాలి పట్టుకుని తాడుతో వీపు మీది పెద్దదాన్ని బయటికి లాగాలి. లాగలేదు. ఆ తాడు నడుం పట్టీకి మెలిపడి ఉంది. మడత తప్పు. ఆపదకి ఉంచుకునే రెండో పారాచూట్, రిజర్వుది, తీశాడు, అది పోయి ఆ తాడుకే చుట్టుకుంది. అంతే."

"మీరేం చేశారు?"

"ఏం చేస్తానండీ? కొయ్యబారిపోయాను."

"కొయ్యబారినవాళ్లు ఫోటోలు ఎలా తీశారు?"

ఈ ప్రశ్న వాడికి కొత్త కాదు. జవాబు నాలిక చివరే ఉంది. బల్ల మీది హెల్మెట్ తీసి, దాన్నుంచి వేలాడే సన్నటి తీగ చూపించాడు. తీగ చివర చిక్కుడుగింజంత రబ్బరు మీట. "గాలిలో చేతులు రెండూ బ్యాలెన్సుకే సరిపోతాయి. అందుకని ఈ మీట పళ్ల మధ్య పెట్టుకుంటాం. కొరికితే ఫోటో. ఆ రోజు భయంతో నా పళ్లు బిగుసుకుపోయాయి మేడమ్. నాకు తెలీకుండానే ఫోటోలు పడిపోయాయి. నేను తీసినవి కావవి. నా భయం తీసినవి."

చివరి మాట వాడికి బాగా నచ్చినట్టుంది. పత్రికల వాళ్లకి కూడా ఇదే చెప్పాడు, నేను చదివాను. ఈ ఏడాది మొత్తంలోకీ గొప్ప ఫోటో అని ఎవరో దానికి బహుమతి కూడా ఇచ్చారు. థూ.

"ఇలా ఇవ్వండి" అని హెల్మెట్ లాక్కున్నాను. మీట మీద వాడి పంటి గాట్లు. వాడి ఎంగిలి ఎన్నేళ్ల నుంచి నానుతోందో, రబ్బరు పచ్చబడిపోయింది. కొంగుతో ఒకసారి తుడిచాను, చాలదనిపించి మళ్లీ తుడిచాను.  కళ్లు మూసుకుని నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికిపట్టాను.

టకటకటకటకటక. కెమెరా ఆగకుండా కొట్టుకుంది. పళ్లు వదిలాక గానీ ఆగలేదు.

మీట ఊసేసి, రుమాలుతో నాలిక తుడుచుకుని అన్నాను. "పళ్లు బిగుసుకుపోతే ఇలా ఉండాలి. మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా, మొహమూ ఆకాశమూ కాళ్లూ చేతులూ ఏది పడితే అది రావాలి. మీరు పోలీసులకిచ్చిన ఫోటోలు నేనూ చూశాను. అన్నీ మొహాలే. అన్నీ సరిగ్గా ఇటు తిరిగినవే. మధ్యమధ్య ఖాళీలు. ఆయన అటు తిరిగినప్పుడల్లా మీ భయం నోరు తెరిచింది, ఇటు తిరగ్గానే బిగుసుకుంది. ఎంత మర్యాద తెలిసిన భయమండీ!"

వాడి మెడలో గుటక కదిలింది. నవ్వు మాత్రం పోలేదు.

"సరే. తీశాను. అయితే ఏంటి?" గొంతు మారిపోయింది. "ఇన్నేళ్లు పళ్లికిలించే మొహాలు తీశాను. బొటనవేళ్లు ఎత్తే మొహాలు. ఒక్కడైనా నా ఫోటో గోడకి తగిలించాడా? ఆ రోజు మొదటిసారి నా ముందు ఒక నిజమైన మొహం కనపడింది. చూస్తూ ఊరుకోమంటారా? వాణ్ణి నేను ఎలాగూ కాపాడలేను. ఫోటో తియ్యడం నేరమా?"

"నేరం కాదు" అంది గుమ్మంలోంచి ఒక గొంతు. "నేను అప్పుడే చూశాను, ఏ సెక్షనూ లేదు."

మా బావ. అంటే మేనమామ కొడుకు. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు కూడా వాడే, నా ఖర్మకొద్దీ. చిన్నప్పుడు కారప్పూస దగ్గర మొదలైన పోటీ, ఇప్పుడు శవాల దగ్గరికొచ్చింది. యూనిఫాం ఇస్త్రీ చేయించుకుని, జుట్టుకి నూనె రాసుకుని వచ్చాడు. ఇవాళ మైదానంలో ప్రదర్శన ఉంది, ముందు వరసలో కుర్చీ వేశారు.

"ఏం మరదలా, పక్కవాళ్ల ఎంగిలి కూడా నాకుతున్నావట? డిటెక్టివులకి గిరాకీ తగ్గిందా?"

"నీలాంటివాళ్లు దర్యాప్తు చేసినంతకాలం మాకు గిరాకీ తగ్గదులే బావా."

"నా దర్యాప్తుకేం? మడిచినదాని తప్పు. నిర్లక్ష్యం వల్ల మరణం. ఆ అమ్మాయే ఒప్పుకుంటోంది. ప్రదర్శన అయ్యాక సంతకం పెట్టిస్తా, సాయంత్రానికి ఫైలు మూస్తా."

"ఒప్పుకుంటోంది కాదు, కుమిలిపోతోంది. తేడా తెలీదా నీకు?"

"చూడు" అన్నాడు బావ, గోడ మీది ఫోటో వంక చూడకుండా. చూడలేకపోతున్నాడని తెలుస్తూనే ఉంది. "వీడు చేసింది రోత పని. ఒప్పుకుంటా. కానీ రోత పుట్టించినవాళ్లందర్నీ లోపలేస్తే బయట నువ్వూ నేనే మిగులుతాం. అందులోనూ నీ సంగతి అనుమానమే."

గద్ద మర్యాదగా నవ్వాడు. ఇద్దరి దవడలూ పగలగొట్టాలనిపించింది.

అప్పుడే ఆ పిల్ల వచ్చింది. దూకే డ్రెస్సు వేసుకుని, వీపుకి పారాచూట్ కట్టుకుని గుమ్మంలో ఆగింది. నెల రోజుల్లో సగమైపోయింది. డ్రెస్సు వదులై భుజాల మీద వేలాడుతోంది.

"అన్నయ్యా, విమానం రెడీ అంట."

అన్నయ్యా అని పిలిచింది గద్దని. సొంత అన్నకి స్నేహితుడు కాబట్టి వీడూ అన్నయ్యే. నాకు ఒళ్లు కంపరమెత్తింది.

విషయం ఏమిటంటే, మైదానం ఓనరు ఇవాళ నివాళి ప్రదర్శన పెట్టాడు. అన్న పడిన చోటనే చెల్లెలు దూకుతుంది, పూలు చల్లుతుంది, గద్ద ఎదురుగా తేలుతూ తీస్తాడు. కింద పెద్ద తెర కట్టారు. గద్ద హెల్మెట్ లోంచి వీడియో నేరుగా తెర మీదికొస్తుంది. వాడు మీట కొరికిన ప్రతిసారీ ఆ ఫోటో తెర మూల పడుతుంది. టిక్కెట్లు మొత్తం అమ్ముడుపోయాయని ఓనరు పొద్దున నాతోనే చెప్పి చేతులు రుద్దుకున్నాడు.

ఆ పిల్లని పక్కకి తీసుకెళ్లాను. "ఇవాళ దూకకపోతే ఏం పోయింది అమ్మాయ్? మీ అమ్మ బయట గుండె చేత్తో పట్టుకుని కూచుంది."

"ఇది నేనే మడిచాను అక్కా" అంది తన వీపు వైపు తల తిప్పి. "దీన్ని ఎలా మడిచానో ఆ రోజూ అలాగే మడిచాను. ఇది తెరుచుకుంటే నా చేతులు మంచివే. తెరుచుకోకపోతే అన్న దగ్గరికే పోతా. ఏదో ఒకటి తేలిపోవాలి. ఇలా బతకలేను."

 చెప్పినా వినే మొహం కాదు అది. అందుకని పనికొచ్చే ప్రశ్న అడిగాను. "మడిచాక ఇంకెవరూ దాన్ని ముట్టుకోరా?"

"ముట్టుకోరు. దూకేముందు విమానంలో ఒకరి వీపు ఒకరు చూసుకుంటాం, అంతే. తాళ్లూ పట్టీలూ సరిగా ఉన్నాయా అని. ఎవరి వీపు వాళ్లకి కనపడదు కదక్కా."

"ఆ రోజు మీ అన్న వీపు ఎవరు చూశారు?"

"అన్నయ్యే" అంది, గద్దని చూపిస్తూ. "పైలెట్ కాకుండా విమానంలో వాళ్లిద్దరే ఉన్నారు."

గద్ద హెల్మెట్ పెట్టుకుంటూ మా వైపే చూస్తున్నాడు. "పద పద చెల్లాయ్, వెలుతురు పోతుంది" అన్నాడు. ముగ్గురూ వెళ్లిపోయారు. బావ పోతూ పోతూ, "ముందు వరసలో నీకూ ఒక కుర్చీ పెట్టించనా?" అన్నాడు.  నేనూ, గద్ద కంప్యూటర్లోని వీడియోలూ మిగిలాం.

వీపు చూసినవాడు తాడు మెలిపెట్టి ఉండొచ్చు. ఉండొచ్చు అంటే చాలదు. బావ ముందు ఆ మాట అంటే నవ్వి పోతాడు. కంప్యూటర్ ముందు కూచున్నాను. గద్ద తన పాత దూకుళ్లన్నీ వరసగా దాచుకున్నాడు. ఒకటి తెరిచాను. లావుపాటి ఆయన, కళ్లు మూసుకుని అరుస్తున్నాడు. చెయ్యి ఊపగానే కెమెరా చూపు పైకెత్తినట్టు బొమ్మ ఒక్కసారిగా పైకి లేచింది, ఆకాశంలో పారాచూట్ విచ్చుకోవడం కనపడింది. ఇంకోటి తెరిచాను. పెళ్లి కుదిరిన జంట. చెయ్యి ఊపారు. బొమ్మ పైకి లేచింది. ఇంకోటి. అదీ అంతే.

అర్థమైంది. పారాచూట్ తెరుచుకోగానే ఆ మనిషి పడటం నెమ్మదిస్తుంది, ఫోటోలు తీసేవాడు మాత్రం అదే వేగంతో కిందికి పోతుంటాడు. అంటే ఎదుటివాడు పైకి ఎగిరిపోయినట్టు కనపడతాడు. అందుకని చెయ్యి ఊపడం చూడగానే ఈ పని చేసేవాళ్లు తల పైకెత్తేస్తారు. ఎత్తకపోతే విచ్చుకునే పారాచూట్ దొరకదు. కెమెరా తల మీదే ఉంది కాబట్టి తల ఎటు పోతే బొమ్మ అటు. ఎన్ని తెరిచినా ఒక్కదాన్లో కూడా గద్ద ఆ అలవాటు తప్పలేదు.

అప్పుడు ఆ రోజు వీడియో పెట్టాను.

కోచ్ నవ్వుతున్నాడు. ఇంకా ఏ కష్టమూ రాలేదు. చెయ్యి ఊపాడు, బుల్లి పారాచూట్ విసిరాడు.

బొమ్మ కదల్లేదు. ఒక్క అంగుళం కూడా పైకి లేవలేదు. ఆ మొహం మీదే నిలబడిపోయింది, ఎదురుచూస్తున్నట్టు.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను.  కొయ్యబారిపోయాను అన్నాడు వెధవ. భయపడటానికి ఏదైనా జరిగాక కదా భయపడేది! చెయ్యి ఊపినప్పుడు ఇంకా ఏమీ జరగలేదు. పారాచూట్ తెరుచుకోదని ఆ క్షణానికి తెలిసినవాడు భూమ్మీదా ఆకాశంలోనూ ఒక్కడే. వాడే తల ఎత్తలేదు.

"అమ్మా, కొంచెం జరుగుతారా? మేకు కొట్టాలి."

ఉలిక్కిపడ్డాను. ఫ్రేములు కట్టే ఆయన. చంకలో ఇంకో నల్ల చెక్క ఫ్రేము. గోడకున్నది ఎంతో ఇదీ అంతే, లోపల ఖాళీ. కోచ్ మొహం పక్కన పెట్టి, ఒక కన్ను మూసి వరస చూసుకుంటున్నాడు.

"ఇదెవరికి?" అన్నాను. 

"జంట ఫ్రేములండి. అదేమో అన్నది, ఇదేమో చెల్లెలిది. రెండో ఫోటో ఇవాళ సాయంత్రం ఇస్తానన్నారు సారు."

"ఆ అమ్మాయి నవ్వుతున్న ఫోటోయేనా?"

ఆయన మేకు నోట్లోంచి తీశాడు. "ఏమోనండి. కొలతలు మళ్లీ తీసుకోనా అంటే వద్దన్నారు. రెండు మొహాలూ ఒకేలా ఉంటాయి, కొలత అదే చాలు అన్నారు."

చెప్పులు ఎక్కడ వదిలానో గుర్తులేదు. పరిగెత్తాను. ఎంత చక్కగా అల్లాడు, దరిద్రుడు! ఆ పిల్లది కూడా తెరుచుకోకపోతే ఇంకెవరికైనా అనుమానం వస్తుందా? మడతే రాదు పాపం అంటారు. లేదా అన్న కోసం కావాలనే చేసుకుంది అంటారు. మా బావ సాయంత్రానికి బదులు మధ్యాహ్నానికే ఫైలు మూస్తాడు. గద్ద గోడ మీద జంట పూర్తవుతుంది.

మైదానంలో జనం కుర్చీలన్నీ నిండిపోయాయి. విమానం అప్పటికే చుక్కంత అయిపోయింది. ఓనరు మైకులో పూల గురించి ఏదో చెబుతున్నాడు. ముందు వరసలో బావ కాలు మీద కాలు వేసుకుని కూల్‌డ్రింక్ స్ట్రాతో పీలుస్తున్నాడు. పక్క కుర్చీలో ఆ తల్లి, కొంగు నోట్లో కుక్కుకుని.

"బావా, విమానం దింపించు. ఇప్పుడే."

"పిచ్చెక్కిందా? ఇంతమంది..."

"నోరు మూసుకుని విను. చెయ్యి ఊపగానే వాడు ఎప్పుడూ తల పైకెత్తుతాడు. అన్ని వీడియోల్లోనూ ఎత్తాడు. కోచ్ చచ్చిపోయిన రోజు ఒక్కనాడే ఎత్తలేదు. ఎందుకెత్తలేదో చెప్పు!"

బావ నోట్లో స్ట్రా అలాగే ఉండిపోయింది. మా వాడు గర్విష్ఠి గానీ మొద్దు కాదు. మొహంలో రంగు దిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. సీసా విసిరేసి ఓనరు చేతిలోని వాకీటాకీ గుంజుకున్నాడు.

"పైలెట్! పోలీసు! ఎవర్నీ దూకనివ్వొద్దు. తలుపు మూసెయ్!"

బరబరమని చప్పుడు. "ఏంటి సార్? వినపడట్లా... తలుపు తీశారు, గాలి..."

నేను లాక్కుని అరిచాను. "ఆ అమ్మాయిని ఆపు! వాడు ఆమె వీపు ముట్టుకున్నాడా?"

"వీపా? ఆఁ, చెక్ చేశాడు మేడమ్. అమ్మాయి థాంక్స్ కూడా చెప్పింది. అన్నయ్య చూశాడుగా, ఇంక నాకు భయం లేదు అంది." మళ్లీ బరబర. "దూకేశారు."

జనం చప్పట్లు కొట్టారు. తెర మీద నీలం, దాని మధ్య ఆ పిల్ల. చుట్టూ పూలు పైకి ఎగిరిపోతున్నాయి. నెల తర్వాత మొదటిసారి ఆ మొహంలో కొంచెం తేలిక కనపడింది. నా మాట ఎవరూ వినడంలేదు. వాకీటాకీలో ఎంత అరిచినా ఆకాశంలో పడుతున్నదానికి ఏం వినపడుతుంది? ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఎందుకలా అరుస్తున్నానని అడుగుతోంది. 

"మనం పొరపడి ఉండొచ్చు" అన్నాడు బావ, దాదాపు బతిమాలుతున్నట్టు. "చెయ్యి ఊపాక తల ఎత్తితే మనం పొరపడ్డట్టే కదా? అంతే కదా?"

"అంతే" అన్నాను. "దేవుడా, నన్ను పొరపడనివ్వు."

ఆ పిల్ల చెయ్యి ఊపింది. నడుం దగ్గర నుంచి బుల్లి పారాచూట్ తీసి విసిరింది.

తెర మీద బొమ్మ లేవలేదు.

ఆ మొహం అలాగే నిలబడింది. నవ్వు ఇంకా పోలేదు, కనుబొమలు మాత్రం మెల్లిగా దగ్గరికొస్తున్నాయి. జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఆమె ఎదురుగా ఉన్న అన్నయ్య వంక చూసింది, ఏమైందన్నట్టు.

తెర మూల మొదటి ఫోటో పడింది.